అన్నయ్య స్టూలు

"గిన్నెలు తోముతున్నావా, వాయిస్తున్నావా?" అని ముందుగదిలోంచి భర్త కేకేశాడు. ఆమె చేతిలోని గరిటెను చప్పుడు కాకుండా బోర్లించింది.

దొరికినదాని మీదల్లా వాయించే ఆ అలవాటు చేతులకు అన్నయ్య వల్ల పట్టుకుంది. చిన్నప్పుడు వాడు డ్రమ్ములు వాయిస్తుంటే, పక్కనే దిండు మీద ఆమె అదే వాయించేది. దిండుకు చప్పుడుండదు కాబట్టి ఇంట్లో ఎవరూ కాదనలేదు. పెళ్ళయ్యాకా అంతే, అత్తగారు కునుకు తీసే వేళ ఆమెకు దిండే దిక్కయింది. దిండు మీద కొట్టిన కర్ర తనంతట తాను పైకి లేవదు, మణికట్టుతో లేపుకోవాలి. ఆ మణికట్ల బలం అన్నయ్యకొక్కడికే తెలుసు. "నాకంటే నువ్వే బాగా వాయిస్తావే, పిచ్చిమొహమా" అనేవాడు. చలికాలం మొదట్లో జ్వరమని ఆస్పత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

వాడి బృందం అంతకుముందే ఒక ప్రోగ్రాం ఒప్పుకుని ఉంది. కొత్త డ్రమ్మరు వచ్చేదాకా ఆ ఒక్కదానికి వాయించమని వాడి నోట ఆమె వాయింపు సంగతి విని ఉన్న గిటారు వాయించే అతను ఇంటికొచ్చి అడిగాడు. "పోయినవాడి పేరు మీద కదా, వెళ్ళనీ. ఈ ఒక్కసారికే" అన్నాడు భర్త. "వచ్చేటప్పుడు కూరగాయలు పట్టుకొస్తుందిలే" అన్నారు అత్తగారు. తన కోసం ఎన్నడూ అడగలేకపోయిన సెలవు, అన్నయ్య పోయాడు గనుక దొరికింది.

సాధన ఒక పాత మోటారు షెడ్డులో. ఆ రోజు కూడా పాట సగానికొచ్చేసరికి, పెద్ద డ్రమ్మును మోగించే పెడల్ మీంచి ఆమె కాలు జారింది. మళ్ళీ జారింది.

"కాళ్ళలో సత్తువ ఉండాలి. ఆడవాళ్ళకెక్కడొస్తుంది!" అన్నాడు బేసు గిటారు వాయించే అతను.

"పాపం, దాన్నేమీ అనకురా. ఈ ఒక్కటి గట్టెక్కితే కొత్తబ్బాయి వచ్చేస్తాడుగా" అన్నాడు గిటారతను. "చెల్లెమ్మా, కాస్త టీ పడేయి."

మూలనున్న స్టవ్ మీద నీళ్ళు పెట్టి, ఆమె దూరం నుంచి డ్రమ్ముల వైపు చూసింది. ఆరడుగుల అన్నయ్య కోసం ఎత్తిన స్టూలు. పెడల్ ఎక్కడుండాలో నేల మీద వాడు అంటించుకున్న ఎర్ర టేపు. వాటిని కదపవద్దని ఆమెతో ఎవరూ అనలేదు. కదిపితే వాణ్ణి మళ్ళీ సాగనంపినట్టవుతుందని ఆమే కదపలేదు. ఇన్నాళ్ళూ వేళ్ళ కొసలతో పెడల్ అందుకుంటూ, తప్పు తన కాలిదే అనుకుంది.

వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని స్టూలు మర తిప్పింది. వాడు బిగించిన మర, ఓ పట్టాన వదల్లేదు.

"అయ్యో, వాడి సీటమ్మా అది! ఒక్క ప్రోగ్రామేగా, సర్దుకో" అన్నాడు గిటారతను.

"సర్దుకుంటూనే ఉన్నానన్నా. కాలు అందట్లేదు."

స్టూలు దిగింది. ఎర్ర టేపు గోటితో లేపి, పెడల్‌ను తన దగ్గరకు లాక్కుని, ఆ టేపునే అక్కడ అంటించింది. కూర్చుంది. పాదం మొత్తం ఆనింది.

మొదటి దెబ్బకు రేకుల కప్పు అదిరింది. జీవితంలో మొదటిసారి తను కొట్టినది తనకే అంత గట్టిగా వినిపించింది. పాట అందుకోవడానికి బేసు అతను తడబడ్డాడు.

"కొత్తబ్బాయిని రావద్దని చెప్పండి" అంది, వాయిస్తూనే.

"చెల్లెమ్మా, టీ పొంగిపోతోంది!"

"దించుకోండన్నా" అంది. చేయి ఆపలేదు.