రెండో డాక్టరు గారి వాటా

బిల్లులో ఇద్దరు డాక్టర్ల ఫీజు ఉంది. మా ఆయన సన్యాసయ్యను ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళి మళ్ళీ బయటకు తెచ్చేదాకా నేను ఆ తలుపు ఎదుటే గంగమ్మ తల్లిని తలుచుకుంటూ కూర్చున్నాను. లోపలికి వెళ్ళింది పెద్ద డాక్టరు గారొక్కరే. మరి రెండో ఆయన ఎవరు?

"ఎక్స్‌రే తెర చూసే డాక్టరు గారమ్మా," అంది కౌంటర్లో భానుప్రియ. "పెద్దాయన నోట్లోంచి గొట్టం దింపుతుంటే, ఎటు పోవాలో ఈయన చెప్తారు."

"నేను ఆయన్ని సూళ్ళేదే?"

"అటువైపు ఇంకో తలుపుందమ్మా."

అడిగిన ప్రతిదానికీ వీళ్ళకి ఇంకో తలుపు ఉంటుంది. నా దిగులు డబ్బు గురించి కాదు. పోయినేడు వేరే ఆసుపత్రిలో పిత్తనాళంలో రాళ్ళన్నీ తీశామన్నారు. ఒకటి మిగిలిపోయింది. కామెర్లు తిరగబెట్టి మనిషి చావు దాకా వెళ్ళొచ్చాడు. ఈసారి తెర చూసినవాడే లేకపోతే, లోపల ఏమీ మిగల్లేదని ఎవరు చెప్పాలి?

మా ఆయనకు చెబితే మంచం మీదే నవ్వాడు. భావనపాడులో ఒడ్డువల వేసేటప్పుడు దిబ్బ మీద నిలబడి, నీటి రంగును బట్టి చేపల గుంపు ఎటుందో చూసి తుండు ఊపేది ఆయనే. పడవలోవాళ్ళు అటే వల తిప్పుతారు. కాలు తడవకపోయినా ఆయనకో వాటా.

"నా వాటా తిన్నప్పుడు ఇలాగ అడిగేవేటే?"

"నువ్వు దిబ్బ మీద ఊరందరికీ కనబడతావు మావా. ఈయనేడీ?"

"అయితే మనోళ్ళు నన్నడిగిందే ఆయన్నీ అడుగు."

వల లాగాక మావాళ్ళు ఆయన్ని ఒకటే అడుగుతారు: తప్పించుకున్న చేప ఎటు పోయింది? చూసినవాడే చెప్పగలడు.

తీసిన రాళ్ళు చిన్న సీసాలో వేసి నాకిచ్చారు. రెండు. సీసాను కొంగున ముడేసుకుని, రెండో డాక్టరు వస్తేగాని బిల్లు మీద సంతకం పెట్టనన్నాను. జయకృష్ణ అని కుర్ర డాక్టరు వచ్చాడు.

"ఎన్ని రాళ్ళు బాబూ?"

"మూడు."

ముడి విప్పి సీసా చూపించాను. "ఇయి రెండే కదా?"

"మూడోది రాళ్ళు పట్టే తీగబుట్టలోంచి జారి పేగులోకి పోయిందమ్మా. చూస్తూనే ఉన్నాను. దానంతటదే బయటకు పోతుంది." ఫిల్ము కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు. మొదటి బొమ్మలో మూడు మచ్చలు. చివరిదాంట్లో నాళం ఖాళీ.

"ఇంకేటీ లేదని పెద్ద డాక్టరు గారికి సెప్పేరా?"

"చెప్పాకే గొట్టం బయటకు తీశారు."

సంతకం పెట్టాను.

"వాటా ఇచ్చీసేవేటే?" అన్నాడు మా ఆయన, కళ్ళు తెరవకుండానే.

"ఇచ్చీసేను. పచ్చకళ్ళు మళ్ళీ వస్తే మాత్రం ఆ బాబునే అడుగుతాను."

సీసాను మళ్ళీ కొంగున ముడేసుకున్నాను.