కడగని కుండ

ఖమీస్ ముషైత్ ఊళ్లోకి పోయే దారిలో చెక్‌పోస్టు ఇంకో రెండు మలుపుల దూరం ఉందనగా, వెనక సీటు దగ్గర ఏదో ఢామ్మని పేలింది. టైరనుకున్నాను. బండి పక్కకు తీసి దిగి చూస్తే టైర్లన్నీ బుద్ధిగానే ఉన్నాయి. వెనక తలుపు తీయగానే వాసన గుప్పుమంది. సీటంతా ద్రాక్షరసం, దాని మీద తెల్లటి నురగ.

ఆ వాసన నాకు బాగా తెలుసు. సౌదీకి రాకముందు చిక్కబళ్లాపూర్ దగ్గర ఒక చిన్న ద్రాక్షతోట రైతు దగ్గర వ్యాను నడిపాను. ఆయన ఈస్టు వేసేవాడు కాదు, చక్కెర కలిపేవాడు కాదు. రసం దాని పాటికి అదే పులిసేది. పొంగు ఆగకముందే సీసాల్లో పోసి మూత బిగిస్తే, లోపల బుడగల వైను తయారయ్యేది. బెంగళూరు నుంచి కార్లలో వచ్చినవాళ్లు మూత పేలగానే చప్పట్లు కొట్టేవాళ్లు. నేను చుక్క ముట్టలేదు గానీ వాసన మాత్రం కడుపునిండా పీల్చాను. ఇక్కడ అదే చప్పుడుకు టక్కున తలుపు మూసి దారికి అటూ ఇటూ చూశాను. సౌదీలో హౌస్ డ్రైవర్ బండిలో వైను దొరికితే ముందు జైలు, ఆ తర్వాత ఇంటిదారి.

నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఆ సీసాలు మా కఫీల్ తల్లివి. పనివాళ్లం ఆమెను మామా కబీర్ అంటాం, పెద్దమ్మ అని. ఊరి బయట తోటింట్లో ఉంటుంది. ఇంటి వెనక మూడు పందిళ్ల ద్రాక్ష, అంతే. కానీ ఆ మూడు పందిళ్ల గురించి ఆమె చెబుతుంటే చుట్టూ ఉన్న అసీర్ కొండలన్నీ ఆమెవే అనుకోవాలి. కాయలు పిండించి, రసాన్ని మట్టికుండలో ఒక రాత్రి తేరనిచ్చి, సీసాల్లో పోసి కొడుకింటికి పంపుతుంది. మర్నాడే తాగేయాలి, నిలవుంచకూడదు. శుక్రవారం కఫీల్ ఇంటికి వియ్యాలవారు వస్తున్నారు, ఈ రసం వాళ్ల కోసం.

ఈ ఏడు మామాకు మణికట్టు నొప్పి పట్టుకుంది. పిండే పని నూకరత్నం అక్కకు అప్పజెప్పింది. అక్కది తుని పక్క పల్లె. తోటింట్లో వంటా, మామా మంచీచెడూ ఆమే చూస్తుంది. నాలుగేళ్లుగా ఇంటిమొహం చూడలేదు. కూతురికి పురుడు దగ్గరపడింది. ఆదివారం ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే ఇంటికెళ్లి తిరిగొచ్చే వీసా, కొడతానని కఫీల్ మాటిచ్చాడు. ఈ వాసన ఆయన ముక్కుకు తగిలిందా, ఇక రీఎంట్రీ ఎక్కడిది, ఉత్త ఎగ్జిటే. అదీ జైలు మీదుగా.

బండి వెనక్కి తిప్పాను. సగం దారిలో కఫీల్ ఫోన్ చేసి ఎక్కడున్నావన్నాడు. పంచర్ అన్నాను. మాట నోట్లో ఉండగానే వెనక ఇంకో సీసా పేలింది. ఆ చప్పుడేమిటన్నాడు. రెండో టైరు అన్నాను. భయం మనిషికి ఎన్ని తెలివితేటలిస్తుందో చూడండి!

తోటింట్లో అక్క చపాతీపిండి కలుపుతోంది.

"అక్కా, ఆ రసంలో ఏం కలిపినావు?"

"ఏటి కలుపుతాను? ద్రాచ్చపళ్లే. ఇంకేటుంటాది?"

"చక్కెర? రొట్టెలకేసే ఈస్టు? నిజం చెప్పు, సీసాలు పేల్తాండాయి."

"సిత్రంగా మాటాడతన్నావు తమ్ముడూ. ఏటీ ఎయ్యలేదు."

"మరి కుండ కడిగినావా?"

"కుండ కడగడమేటి?" అంది అక్క ఆశ్చర్యంగా. "మొన్నటి రసం అడుగున గరిటెడు ఉంచి, దాని మీదే కొత్తది పోశాను. మాయమ్మ గంజి పులబెట్టే తరవాణి కుండ అలాగే కదా సేసేది. అడుగుది పారబోస్తే మళ్లీ ఎలా పులుస్తాది?"

"పులవకూడదనే కదక్కా కడిగేది! దాన్ని సారాయి చేసి పెట్టినావు!"

అక్క పిండి చేతులతో అలాగే నేల మీద కూర్చుండిపోయింది. "నానేటీ కావాలని సెయ్యలేదు తమ్ముడూ. నా కూతురి పురుడుకి ఎల్లనివ్వరా?"

కోపం దిగిపోయి జాలేసింది. ఉపాయం చెప్పాను. "ఊరుకో అక్కా. అన్నీ పారబోసి సీసాలు పగలగొడతా. కుదుపుకు పగిలినాయంటా. రెండు టైర్లు పోయిన బండికి అదొక లెక్కా?"

సరేనంది. కళ్లు తుడుచుకుని లేచింది. కానీ మూలనున్న కుండ దగ్గర ఆగిపోయింది. "దీనడుగున ఇంకా ఉంది. ముందోసారి పిండింది అందరూ తాగేశారు, అది మంచిదే. రేపు నానెల్లిపోయాక ఇందులోనే ఇంకెవరో పోస్తారు. ఆ ముసలమ్మ తెలీక తాగేస్తాది. నమాజు సేసుకునే మడిసి తమ్ముడూ. సెప్పాల."

ఐదుపూటలా నమాజు చేసే నాకు ఆ మాట తట్టలేదు. సిగ్గేసింది.

మామా వరండాలో కూర్చుని ఉంది. అక్క కుండ తెచ్చి ఆమె ముందు పెట్టింది. అక్కకు వచ్చింది వంటింటి అరబ్బీ, అందుకే నేనే అంతా చెప్పాను. తరవాణి సంగతి కూడా. మామా కుండలో ముక్కుపెట్టి వాసన చూసి కళ్లు మూసుకుంది.

"ఎవరైనా తాగారా?"

"లేదు మామా. అల్లా మీద ఒట్టు."

అప్పుడే మళ్లీ కఫీల్ ఫోన్. మామా చెయ్యి చాపి నా ఫోన్ లాక్కుంది. అక్క నా చొక్కా అంచు పట్టుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

"డ్రైవర్‌ను నేనే వెనక్కి పిలిచాను," అంది మామా కొడుకుతో. "రసం బాగా కుదర్లేదు. మళ్లీ పిండిస్తున్నా. రేపు వస్తుంది." పెట్టేసింది.

ఆ తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది. కొత్తకోడలిగా ఈ ఇంటికొచ్చినప్పుడు, లబన్ అనే మజ్జిగ చిలికే తోలుసంచి అడుగున తోడుకి కొంచెం ఉంచాలని అత్త నేర్పిందట. అప్పుడు మామా ద్రాక్షకుండకూ అదే చేసిందట. "లబన్‌కు ఉంచాలి, ద్రాక్షకు ఉంచకూడదు. ముందే చెప్పాల్సింది. తప్పు నాది," అంది.

నేనది తెలుగులో చెప్పగానే అక్క ఏడ్చేసింది. నాకూ గుండెల మీంచి బండ దించినట్టయింది. హమ్మయ్య అని గట్టిగానే అన్నాను, మామాకు అర్థమైనట్టే ఉంది.

సీసాలన్నీ ద్రాక్షపాదుల్లో గుమ్మరించాం. నేల బుసబుసమని నురగ తాగింది. చిక్కబళ్లాపూర్ రైతు చూసుంటే గుండె బాదుకునేవాడు. కుండను సలసల కాగే నీళ్లతో కడిగి ఎండలో బోర్లించాం. సాయంత్రం దాకా పిండాం. శుక్రవారం వియ్యాలవారు గ్లాసులు ఖాళీ చేసి మళ్లీ పోయమన్నారు. ఆదివారం అక్క ఫోన్‌కు రీఎంట్రీ మెసేజ్ వచ్చింది.

అక్కను అబహా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే రోజున, మామా వంటింటి అరలో కొత్త కుండ ఒకటి పెట్టించింది. అక్కను పిలిచి చూపించింది.

"ఇది ద్రాక్షకు కాదు, ఆమె గంజినీళ్లకు. దీన్నెవరూ కడగరు. తిరిగొచ్చాక మొదలుపెట్టమని చెప్పు," అంది నాతో.

చెప్పాను. అక్క కుండ వైపు చూడలేదు, నా మొహం వైపే చూసింది.

"తిరిగొచ్చాక అందా?"

"అవునక్కా, అట్లే అనింది."

"ఇంకోపాలి అడుగు తమ్ముడూ."

అడిగాను. చెవిటివాళ్లకు చెప్పినట్టు మామా గొంతు పెంచి ఒక్కో మాటా విడదీసి మళ్లీ చెప్పింది. ఈసారి అక్కకు నా తెలుగు అవసరం లేకపోయింది.