కెంపు కింద రేకు

ఆదినారాయణప్ప బస్సు దిగి నేరుగా రాలేదు. చింతామణి బజారు పొడుగునా ఆగి ఆగి వచ్చాడు. తమలపాకుల అంగడి ముందు ఒకసారి, బట్టల అంగడి ముందు ఒకసారి చెయ్యెత్తి ఉంగరం చూపించి, "ఆ కొండప్పాచారి నా కెంపు మార్చేసినాడు, దొంగ నాయాలు" అని నలుగురికీ వినిపించి, ఆ తర్వాతే కొట్టు మెట్టెక్కాడు. మిట్టేమరిలో అరవై ఎకరాల ఆసామి. అంత భూమి ఉన్నవాడు దొంగ అంటే అవతలివాడు దొంగే. మన ఊళ్ళలో విచారణ అంటే ఇదే.

కొట్టులో కొండప్పాచారి సంగటి తింటున్నాడు. ఉంగరాల్లో రాళ్ళు పొదగడం, పాతబడినవి తుడిచి మెరుపు తేవడం అతని పని. భార్య రామలక్ష్మమ్మ జ్వరంతో పోయి ఇరవై రెండు రోజులయింది. అప్పటినుంచీ పక్కింట్లో పూలమ్మే హనుమక్క తట్టలో కూడు తెచ్చి ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది.

"చారులో ఉప్పు సరిపోయిందా ఆచారీ?"

"సరిపోయింది."

మూడు రోజులుగా ఆమె చారులో ఉప్పు వెయ్యడం లేదు. కావాలనే. అడుగుతాడేమోనని చూస్తోంది. అతను అడగడం లేదు.

ఆదినారాయణప్ప ఉంగరం తీసి ఆచారి పని పలక మీద పడేశాడు. "రెండేండ్ల కింద నేనిచ్చింది దానిమ్మ గింజ. ఇప్పుడు చూడు, ఇంగువ ముద్ద మాదిరి ఉండాది. నా రాయి యాడ?"

కొండప్పాచారి చెయ్యి కడుక్కుని ఉంగరం వెలుతురుకు పెట్టి చూశాడు. నల్లబడిపోయింది.

"రాయి మీదే అప్పా. కింద రేకు చచ్చిపోయింది."

వెనకవైపు మూసి కట్టిన ఉంగరం అది. అట్లాంటి దాంట్లో రాయి కింద పలచని వెండి రేకు పెడతారు, ఎర్రరంగు పూసి. పడిన వెలుతురును ఆ రేకే తిప్పి పంపుతుంది. అంచులోంచి తడి దిగితే రేకు నల్లబడుతుంది, పైన రాయి ఎంత మంచిదైనా బొగ్గులా కనిపిస్తుంది.

"పొడిగుడ్డతోనే తుడవమని ఆ పొద్దే చెప్తి గదా. తలంటుకునేటప్పుడు తీసి పెట్టమంటి. నీళ్ళలో ముంచినారా?"

"నీళ్ళు సోకనిస్తే ఒట్టు. ఈ కతలన్నీ నాకొద్దు. మూడు గంటల బస్సుకు పోవల్ల. అంతలోపల నా రాయి నాకు ఇస్తివా, సరి. లేదంటే అమల్దారు కచేరి ఆడనే ఉండాది."

కచేరిలో ఫిర్యాదు సంగతి అట్లుంచి, పోయేది వేరే ఉంది. రాళ్ళు పొదిగేవాడికి ఆస్తి ఒకటే. జనం రాయిని అతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోతారు. ఈ మాట బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాకా పాకితే ఇక ఎవరూ పెట్టరు. కుంపటి ఆరిపోతుంది. కొండప్పాచారికి ఇదంతా తెలుసు. భయపడాలని కూడా తెలుసు. భయం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

"విప్పి చూపిస్తా" అన్నాడు.

ఆదినారాయణప్ప ఉంగరం మీద అరచెయ్యి మూశాడు. "విప్పేది లేదు. ముహూర్తం చూసి కట్టించిన సూర్యుని రాయి. ఎత్తితే కోర్టులో నా భూమి కేసు పోతాదని జోయిసుడు చెప్పినాడు."

హనుమక్క మూతి తిప్పింది. "ఏమప్పా, రాయి మారిపోయింది అంటివి గదా? మారిన రాయిని ఎత్తితే నీకేం దోషం? దోషం తగుల్తాది అంటే ఇది నీ రాయే. నీ రాయే అయితే ఈయప్ప దొంగ ఎట్లా? రెండిట్లో ఒకటి చెప్పు."

"నీకెందుకమ్మా మధ్యలో, పూలు అమ్ముకోక?"

"అమ్ముకుంటాండా. నువ్వు చెప్పు."

ఆదినారాయణప్ప ఉంగరం మీంచి చెయ్యి తీశాడు.

కొండప్పాచారి ఉంగరాన్ని లక్క ముద్దలో గుచ్చి బిగించి, సన్నని ఉలితో బంగారపు అంచును కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టాడు. రాయి లేచింది. దాంతోపాటు వాసన లేచింది. పులిసి కుళ్ళిన పాల వాసన. హనుమక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పాలు యాడివి అప్పా?"

ఆదినారాయణప్ప గొంతు తగ్గించాడు. "ఆదివారం ఆదివారం పొద్దున్నే పచ్చిపాలల్లో వేసి పెట్టమన్నాడు జోయిసుడు. సూర్యునికి. నీళ్ళు వద్దంటివి గానీ పాలు వద్దనలేదే."

"సూర్యుడు తాగి ఎంగిలి మిగిల్చినాడు" అంది హనుమక్క.

కొండప్పాచారి రాయిని కడిగి, తుడిచి, బోర్లించి చూపించాడు. దానిమ్మ గింజే. అడుగున ఒక మూల విరిగి ఉంది. "ఇచ్చిన పొద్దు మీరే చూపిస్తిరి. మూల విరిగింది, చూసుకో, రేపు నా మీద చెప్పొద్దు అంటిరి."

"అంటి" అన్నాడు ఆదినారాయణప్ప. "సరే, కట్టు. బస్సు టైమైంది."

ఉంగరంలో రాయి కూర్చునే గూట్లో నల్లటి రేకు మిగిలింది. పట్టకారుతో తీశాడు. అంచున ఆవగింజంత తోక ఉంది. రేకులు కత్తిరించి, రంగు పూసి, గవ్వతో రుద్ది మెరిపించేది రామలక్ష్మమ్మ. పట్టుకోవడానికి వీలుగా ప్రతిదానికీ తోక వదిలేది. ఆ తోక కత్తిరించెయ్యవే అని అతను ఎన్నోసార్లు విసుక్కున్నాడు. ఆమె వినలేదు. ఇప్పుడు ఆ తోకను చూశాడు. చూసి పలక మీద పక్కన పెట్టాడు. అంతే.

రేకుల డబ్బా తెరిచాడు. పచ్చకు వేసేవి ఉన్నాయి, నీలానికి వేసేవి ఉన్నాయి. ఎర్రది ఒకటే ఉంది. దానికీ తోక ఉంది. ఇంకొకటి చేసేవాళ్ళు లేరు. గూడు తుడిచి, కుంపటి సెగకు ఆరబెట్టి, ఆ ఒక్కటీ పెట్టి, కెంపు దించి, అంచు నొక్కాడు. రాయి భగ్గున ఎర్రబడింది. ఆదినారాయణప్ప చెయ్యి చాపాడు.

కొండప్పాచారి ఉంగరాన్ని గుప్పిట్లో పెట్టుకుని లేచాడు.

"దొంగ అని బజార్లో అంటిరి. రాయి మీదేనని కూడా బజార్లోనే చెప్పండి."

కోపంగా అనలేదు. నీళ్ళలో ముంచొద్దు అని చెప్పే గొంతుతోనే అన్నాడు. కోపమైతే ఆసామి కసిరి లాక్కునేవాడేమో. ఈ గొంతుకు ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. అవతల బొగ్గుతో నడిచే బస్సును బయల్దేరదీయడానికి బస్సువాడు దాని పొయ్యి ఊదుతున్నాడు. మెట్టు మీదికి పోయి, "రాయి నాదే" అన్నాడు.

"తమలపాకుల అంగడికి వినపడలేదప్పా" అంది హనుమక్క లోపలినుంచి.

"రాయి నాదే. ఆచారి మార్చలేదు." ఈసారి బట్టల అంగడివాడు కూడా తల ఎత్తాడు.

ఉంగరం వేలికి ఎక్కించుకుని ఆదినారాయణప్ప వెళ్ళిపోయాడు. ఆదివారం మళ్ళీ పాలల్లో వేస్తాడో లేదో చెప్పలేదు. వేస్తాడు. జోయిసుని మాట ముందు చేతిపనివాడి మాట ఎవడు వింటాడు?

పలక తుడవడానికి వచ్చిన హనుమక్క నల్లరేకును చూసి, "పారేసేదా?" అంది.

"ఉండనీ."

అతను తట్ట ముందు కూర్చున్నాడు. సంగటి గట్టిపడింది. ఒక ముద్ద చారులో అద్ది నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఉప్పు లేదు" అన్నాడు.

హనుమక్క తన ఇంట్లోకి పోయింది, తేవడానికి.