నీళ్ల కోసం వేసిన ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. చిలగడదుంపలు కాల్చి అమ్మే తోపుడుబండి మీద, పొగగొట్టం పక్కన నా చోటు. యారేలి తప్పిపోయిన రోజు సాయంత్రం కూడా ఎప్పటిలాగే వీధి మూలన మోగాను. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా. అది దుంపలు కొనేవాళ్లను పిలవడానికి కాదు, నీళ్ల కోసం. ఆ మోత వినగానే సందులోంచి యారేలి మట్టికూజా నడుముకు ఆనించుకుని రావాలి. బండి డబ్బాలో నీళ్లు పోయాలి. ఆ రోజు ఆమె రాలేదు.

బండి తోసేది ఆమె తండ్రి సెల్సో. ఆయన నన్ను మోగించే తీగను ఇంకోసారి లాగాడు. వాన పట్టేలా ఉంది. పిల్ల పనిచేసే బట్టల ఫ్యాక్టరీ నుంచి బస్సు ఆలస్యమై ఉంటుంది, వచ్చాక వాళ్లమ్మ దగ్గర కూర్చుండిపోయి ఉంటుంది అనుకున్నాడు. ఇంట్లో తల్లి ఒదిలియా కూడా నా మోత విన్నది. బస్సు దిగి పిల్ల నేరుగా తండ్రి బండి దగ్గరికే వెళ్లి ఉంటుందనుకుంది. కూతురు తల్లి దగ్గర ఉందని తండ్రి, తండ్రి దగ్గర ఉందని తల్లి. ఆ రెండు నమ్మకాల మధ్య ఒక సాయంత్రం మొత్తం గడిచిపోయింది. తర్వాత చాలామంది అడిగారు, అంతసేపు ఎలా ఊరుకున్నారని. అడగడం తేలిక.

నా పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. మెక్సికో దేశంలో ప్యూబ్లా అనే పాత నగరం ఉంది. అందులో అద్దకంవాళ్ల పేట మాది. ఒకప్పుడు అక్కడ ఏటి ఒడ్డున ఉన్ని నూలుకు రంగులు వేసేవారు. ఇప్పుడు ఏరు రోడ్డు కిందికి పోయింది, అద్దకంవాళ్లు ఎటు పోయారో తెలియదు, పేరు మాత్రం మిగిలింది. ఆ పేటలో రేకుల పని చేసే బెనితో అనే అతను, రైలు షెడ్డు తుక్కులో దొరికిన ఇత్తడి గొట్టం ముక్కను కోసి, సానబట్టి, నోరు చెక్కి నన్ను చేశాడు. చేయించుకున్నది సెల్సో తండ్రి క్రిస్పిన్. మీ ఇళ్లలో శివరాత్రికి ఉడకబెట్టుకునే చిలగడదుంప మా వైపు నుంచే ఓడలెక్కి మీ దాకా వచ్చిందట. మా దగ్గర దాన్ని కట్టెల సెగ మీద మగ్గబెట్టి, పైన తీపిపాలు పోసి తింటారు.

బండి అంటే పెద్ద పనితనమేమీ కాదు. నూనె పీపాను అడ్డంగా పడుకోబెట్టి కింద పొయ్యి, మధ్యలో దుంపల సొరుగులు, పక్కన నీళ్ల డబ్బా. నీళ్లు మరిగితే ఆవిరి నాలోకి వస్తుంది. తీగ లాగితే మోగుతాను. నన్ను బిగించిన రోజున ఆ రేకుల పనివాడు ఒక్క మాట చెప్పాడు. "క్రిస్పిన్, డబ్బా అతుకులన్నీ సీసం కరిగించి వేసిన మాట్లే. లోపల నీళ్లున్నంతసేపు ఏ నిప్పూ వాటిని ఏమీ చెయ్యదు. డబ్బా ఎండిందో, నన్ను తిట్టకు." ఆ మాట తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవరాలికి అందింది. యారేలికి కూజా మోసే ఈడు వచ్చినప్పటి నుంచీ సాయంత్రం నీళ్లు ఆమెవే. చదువుకునే రోజుల్లోనూ, పనికి వెళ్లే రోజుల్లోనూ అంతే. ఇంకెవరూ పోసేవారు కాదు. ఎవరో పెట్టిన నియమం కాదు, అలా జరుగుతూ వచ్చింది.

నా మోత బాగుంటుందని నేను చెప్పుకోను. వినడానికి ఏడుపులా ఉంటుంది. యారేలి నీళ్లు పోస్తూ తండ్రిని ఏడిపించేది.

"నాన్నా, నీ ఈల వింటే దుంపలు తినాలనిపించదు. ఎవరో పోయారు, వెళ్లి పలకరించి రావాలనిపిస్తుంది."

"పిచ్చిదానా, నవ్వుతూ పిలిస్తే ఎవరు పలుకుతారే? ఏడిస్తేనే జనం తలుపులు తీస్తారు."

ఆ మాటను ఆయన చాలా ఏళ్లు నమ్మాడు.

మా పేటకు రంగులు ఈమధ్యే వచ్చాయి. అంతకు ముందు గోడలన్నీ సున్నం రాలి, మసిబారి ఉండేవి. పేట కమిటీ ఒకటి ఏర్పడింది. దాని పెద్ద అంపారో. మూలమీద ఆమెకు కాఫీ హోటలు ఉంది. ఇంటింటికీ ఉచితంగా రంగు ఇస్తామని, బదులుగా గోడలమీద ఏ కాగితమూ అంటించకూడదని, ఏ మరకా ఉండనివ్వకూడదని కమిటీ అడిగింది. చర్చి ఆవరణలో అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. సెల్సో కూడా ఎత్తాడు. అంపారో ఇల్లు బంతిపువ్వు రంగు వేసుకుంది. ఎదురిల్లు దానిమ్మ గింజ రంగు. తమ ఇంటికి నీలిమందు రంగు కావాలని యారేలి పట్టుబట్టింది. తనే డబ్బాలో కర్ర పెట్టి కలిపింది, తనే నిచ్చెనెక్కింది. మిగిలిన రంగును ప్రతి ఇంటివాళ్లూ మూత బిగించి దాచుకున్నారు, గోడ మాస్తే పూయడానికి.

తర్వాత పేట చూడ్డానికి జనం బస్సుల్లో రావడం మొదలైంది. ఒక సందులోంచి ఇంకో సందులోకి తిరుగుతారు. తలుపుల మీద చెయ్యి ఆకారంలో ఉన్న ఇనుప పిడులను తట్టి చూస్తారు, లోపలివాళ్లు తలుపు తీస్తే తడబడతారు. గోడ ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. గోడ వెనక ఎవరుంటారని మాత్రం అడగరు. నా బండి పక్కన కూడా చాలామంది నిలబడ్డారు. దుంప కొన్నవాళ్లు తక్కువ.

యారేలి తప్పిపోయిన మర్నాడు సెల్సో, ఒదిలియా పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లారు. తిరిగొచ్చాక బండి దగ్గర ఒదిలియా నీలి గోడకేసి చూస్తూ చెప్పింది. "ఇరవై ఏళ్ల పిల్ల, ఎవరితోనో వెళ్లి ఉంటుంది, నాలుగు రోజులు చూడండి అన్నాడు ఆ పోలీసు. నవ్వుతూ అన్నాడు సెల్సో." సెల్సో పొయ్యి ముట్టించి, దుంపల సొరుగులో గిన్నె పెట్టి, గోడలకు కాగితాలు అంటించడానికి గోధుమపిండి జిగురు కాచాడు. ఆ వారం బండిలో దుంపలు లేవు.

కాగితంమీద యారేలి ఫొటో ఉంది. నీలి గోడ ముందు, చేతికి రంగు అంటుకుని ఉండగా తీసింది. కింద, 'ఈ అమ్మాయిని చూశారా?' అని రాయించారు. భార్యాభర్తలిద్దరూ బండి తోసుకుంటూ పేటంతా తిరిగారు. దానిమ్మ రంగు గోడమీద ఒకటి, ఆకుపచ్చ గోడమీద ఒకటి, అంపారో హోటలు గోడమీద రెండు. నేను ప్రతి సందులో మోగాను. తలుపులు తెరుచుకున్నాయి. కొందరు ఒదిలియాను కౌగిలించుకున్నారు, కొందరు రొట్టె ఇచ్చారు.

ఆదివారం పొద్దున సెల్సో బండి తీసేసరికి కాగితాలు కనిపించలేదు. చించలేదు. ఏ గోడమీద ఆ గోడ రంగే పూసి ఉంది. కమిటీ పంపిన మనుషులు కాదు. ఎవరింటి డబ్బా వాళ్లే మూత తీశారు. అంపారో ఇంకా కుంచె పట్టుకునే ఉంది. యారేలికి చర్చిలో జ్ఞానస్నానం చేయించిన రోజున పిల్లను చేతుల్లో పట్టుకున్నది ఆమే. ఆ చుట్టరికానికి సెల్సో ఆమెను కొమాద్రే అంటాడు, ఆమె అతన్ని కొంపాద్రే అంటుంది. ఒకరినొకరు మీరు అనే పిలుచుకుంటారు. మా వైపు అది రక్తసంబంధం కంటే తక్కువేమీ కాదు.

"కొమాద్రే, మీరా?"

"ఈ రోజు రెండు బస్సులు వస్తున్నాయి కొంపాద్రే. వాళ్లు వెళ్లాక మళ్లీ అంటించుకోండి. జిగురు నేనే కాచి ఇస్తాను."

"వాళ్లలో ఎవరైనా దాన్ని చూసి ఉంటేనో?"

"ఇక్కడికి వచ్చేవాళ్లు గోడలు చూడ్డానికి వస్తారు. మనుషుల్ని వెతకడానికి రారు."

"గోడమీదే కదా పెట్టాను."

అంపారో కుంచెను మళ్లీ రంగులో ముంచింది. సగం పూసిన గోడ మరీ అసహ్యంగా ఉంటుంది కాబట్టి మిగతా సగం కూడా పూసేసింది. పూస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. మనుషులు రెండు పనులూ ఒకేసారి చేయగలరు.

ఆ తర్వాత అదే వరస. వారం మధ్యలో కాగితాలు, ఆదివారానికి రంగు. పొరమీద పొర చేరి గోడల మీద పలకల్లాంటి ఉబ్బులు వచ్చాయి. ఒకసారి బస్సు జనం మధ్య నుంచి ఒకావిడ బంతి రంగు గోడమీద చెయ్యి పెట్టి, "ఇక్కడేదో అంటించినట్టుందే?" అంది. గుంపును తిప్పే కుర్రవాడు హిల్. యారేలితో ఒకే బడిలో చదివినవాడు. "పాత గోడలమ్మా, తేమకు ఉబ్బుతాయి" అన్నాడు. అప్పుడే నేను మోగాను. "వినండి! ఈ బండి ఏడుపు వెనక నూరేళ్లనాటి ప్రేమకథ ఉంది" అంటూ మొదలుపెట్టాడు. నడిమిలో ఆగి, మిగతాది తర్వాతి సందులో చెబుతానని గుంపును త్వరగా తీసుకెళ్లిపోయాడు. తర్వాతి సందులో నీలి ఇల్లు ఉంది. ఆ ఇంటి గోడ ఒక్కదానిమీదే కాగితం అలాగే ఉండేది. అక్కడ అతను ఎవరినీ ఆగనివ్వలేదు.

సెల్సో మళ్లీ దుంపలు కాలుస్తున్నాడు. తినాలి కదా. పొద్దున ఇంట్లో నింపిన నీళ్లు మూల చేరేసరికి అడుగంటుతాయి. అక్కడ ఆయన తీగ లాగుతాడు. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా. ఆగి చూస్తాడు. ఎవరూ రారు. అప్పుడు నిప్పులు లాగేసి, సగం కాలిన దుంపలతో, చప్పుడు లేని బండిని ఇంటికి తోసుకుపోతాడు. ఒకరోజు ఒదిలియా చూడలేక బకెట్‌తో నీళ్లు తెచ్చింది. ఆయన డబ్బా మూతమీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. నువ్వు పోస్తే, అది ఇక రానక్కర్లేదని మనమే అన్నట్టు."

"నీళ్లకేం తెలుసయ్యా ఎవరు పోశారో?"

"నాకు తెలుస్తుంది."

ఆమె బకెట్‌లో నీళ్లు రోడ్డు వారన పారబోసి వెళ్లిపోయింది. కూజా మాత్రం ఇంటి తలుపు పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. దాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు.

పేట పండగ రోజు జనం బాగా వచ్చారు. వీధికి అడ్డంగా రంగుకాగితాల తోరణాలు కట్టారు. సెల్సో మూలమీద బండి ఆపి తీగ లాగాడు. ఆ రోజు నిప్పులు లాగలేదు. ఇంత జనంలో ఎవరో ఒకరు వింటారనుకున్నాడో, ఇంతమందిని దాటుకుని రావడానికి ఆమెకు కొంచెం ఆలస్యమవుతుందనుకున్నాడో నాకు తెలియదు. మళ్లీ లాగాడు. మళ్లీ లాగాడు. నా గొంతు సన్నబడింది. డబ్బాలో చివరి నీళ్లు చిటపటమన్నాయి. తర్వాత నాలోంచి వేడి గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా ఆయన చెయ్యి తీగమీదే ఉంది. నన్ను చేసినవాడు చెప్పినట్టే జరిగింది. మాట్లు కరిగి కారాయి, డబ్బా అతుకు విడిపోయింది, బండి ఒక పక్కకు కుంగి నిప్పులు, దుంపలు రాళ్ల దారిమీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పండగలో ఇదొక వేడుక అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

అంపారో హోటల్లోంచి పరుగెత్తుకొచ్చి నిప్పులమీద నీళ్లు చల్లింది. సెల్సో అరుగుమీద కూర్చుని, "మా పిల్ల విందంటారా కొమాద్రే?" అని ఒక్కసారే అడిగాడు.

బండి ఆ మూలనే ఉండిపోయింది. కొన్నాళ్లకు అంపారో సొరుగుల్లో పూలకుండీలు పెట్టింది. బంతి రంగు గోడ ముందు నేను బాగా కనిపిస్తానని అందరూ అన్నారు. రోజూ నన్ను తుడుస్తారు. అంతగా మెరిసిన రోజులు నాకు ఇంతకు ముందు లేవు. సెల్సో బండిలోంచి ఒకే ఒక వస్తువు తీసుకున్నాడు, నిప్పులు కదిపే ఇనుపకమ్మి. దాని మొనను సానబట్టి, పైన అడ్డపిడి వేయించుకున్నాడు. అలా పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లంతా కలిసి ఊరవతల బీళ్లలో తిరుగుతారు. నేల గుల్లగా ఉన్నచోట, కింద ఎవరినైనా పాతారేమోనని కమ్మి దించుతారు, పైకి తీసి మొన వాసన చూస్తారు. ఒదిలియా కూడా వెళుతుంది. ఆమె చేతిలో పార.

ఒక ఆదివారం అంపారో హోటలు తెరవలేదు. చిన్న కత్తితో తన గోడ ఉబ్బును గీకడం మొదలుపెట్టింది. రంగు ఊడింది, రంగుతో పాటు కాగితం ఊడింది. ఎంత మెల్లగా గీకినా ముఖం దక్కలేదు. పీచుపీచుగా చేతికి వచ్చింది. ఆమె నీలి ఇంటికి వెళ్లి ఒక కొత్త కాగితం అడిగి తెచ్చుకుంది. అదే చోట అంటించింది. దానిమీద ఇప్పుడు ఎవరూ రంగు పూయడం లేదు. మిగతా ఇళ్లవాళ్లు మాత్రం తమ రంగు డబ్బాలను, మళ్లీ అవసరం పడొచ్చని, ఇంకా దాచే ఉంచారు.

ఆ మరుసటి వారం పూలకుండీలు తీసేయించి, రేకుల పనివాణ్ణి పిలిపించి, డబ్బాకు మళ్లీ మాట్లు వేయించింది. సెల్సో కమ్మి భుజాన వేసుకుని అటు పోతుంటే ఆపింది.

"కొంపాద్రే, బండి బాగైంది. నీళ్లు పోస్తే చాలు. తీసుకెళ్లండి."

ఆయన వంగి అతుకులు చూశాడు. వేలితో ఒకచోట నొక్కాడు. నన్ను ముట్టుకోలేదు.

"గట్టిగానే వేశాడు కొమాద్రే" అన్నాడు. "ఈరోజు ఊరవతల ఏటి మలుపు దగ్గర చూస్తామన్నారు. వాళ్లు ఎదురుచూస్తుంటారు." అని వెళ్లిపోయాడు.

నేను మూలమీదే ఉన్నాను. నాలో లోపమేమీ లేదు. యారేలి దొరకలేదు. డబ్బాలో ఇంకా ఎవరూ నీళ్లు పోయలేదు.