షెయెరా అంటే

“ప్రసంగం అయిందా?” అని అడిగారు మా ఆయన ఐజాక్ గారు, కూర అయిందా అన్నట్టే. నేనాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన కడియం దగ్గర మా చిన్న సంఘానికి పాస్టరు. వేదాంత కళాశాలలో ఇద్దరం ఒకే తరగతి. హీబ్రూలో ఆయనకంటే నాకే మార్కులెక్కువ. పెళ్లయ్యాక వేదిక ఆయనదైంది, రాత నాదైంది. “ఇంట్లో ఖాళీయే కదా, రాసిపెట్టు” అన్నారు. చర్చి ఊడ్చి, సండేస్కూలు చెప్పి, వచ్చినవాళ్లందరికీ టీలు పెట్టాక దొరికే ఆ ఖాళీలోనే ఇన్నేళ్లూ రాశాను.

ఆ వారం, మా చర్చికే వచ్చే, మొక్కల నర్సరీలో అంట్లు కట్టే వెంకటదుర్గ పసిబిడ్డతో వచ్చింది. “ఊళ్లో ఎవరికీ లేని పేరు చెప్పండమ్మగారూ. మళ్లీ ఆడపిల్లేనని మా అత్త దీని మొహం చూడట్లేదు.”

షెయెరా అని చెప్పాను. బైబిల్లోని దినవృత్తాంతాల గ్రంథంలో కొడుకుల పేర్ల మధ్య ఒక్కచోట కనిపిస్తుంది. ఎఫ్రాయిము కూతురు. ఊళ్లు కట్టించింది.

“ఆడమనిషా అండీ!” అని బిడ్డను ముద్దుపెట్టుకుంది దుర్గ.

ఆ పేరుకు అర్థం రక్తసంబంధి అని కొందరు పండితులంటారు, మిగిలినది అని మరికొందరు. ప్రసంగంలో రెండూ రాశాను. కూతురూ మన రక్తమే కాబట్టి నాకు మొదటిదే నచ్చుతుందనీ రాశాను.

ఆదివారం చర్చిలో పేరు పెట్టడానికి ఆయన బిడ్డనెత్తుకుని మైకులో అన్నారు: “షెయెరా అంటే మిగిలిపోయినది. ఆడదానికి మిగిలిందే దీవెన. అంతకు మించి ఆశపడకూడదు.”

“బాగా చెప్పారు అయ్యగారూ!” అని దుర్గ అత్త పైకే నవ్వింది. దుర్గ తలదించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్ల చాప మీంచి లేచాను.

“రక్తసంబంధి అనే అర్థం కూడా ఉందండి. నేను ముందు రాసింది అదే.”

ఆయన చిరునవ్వు చెదరలేదు. “నా ప్రసంగాలకి ఫెయిర్ కాపీ తీసిపెడుతుంది లెండి మా ఆవిడ.”

అందరూ నవ్వారు. బయటికొస్తుంటే దుర్గ నా చెయ్యి పట్టుకుంది. “ఆ పేరు వద్దాండీ ఇంక?” అప్పటికే ఆయన హారను కొడుతుంటే వెళ్లి బండెక్కాను.

కాలవగట్టు మీద బండి నడుపుతూ ఆయనే మొదలెట్టారు. “నలుగురిలో పరువు తీశావు. సరే, వచ్చేవారం యోబు గ్రంథం మీద రాయి.”

“రాస్తాను. చెప్పేది కూడా నేనే.”

“సంఘం ఒప్పుకోవద్దూ?”

“ఒప్పుకోకపోతే మీరే రాసుకోండి.”

ఆయన బండి ఆపేశారు. నేను దిగి, ఆ పేరే ఉంచమని చెప్పడానికి దుర్గ ఇంటివైపు వెనక్కి నడిచాను.