నా కోసం కలిపిన ఐదు

"అద్దం మీద పురుగులు బాగా తుడువు. ఆదివారం అమ్మ మళ్లీ వస్తానంది" అన్నారు మావారు, షెడ్డు బయట స్నేహితులతో కుర్చీలో కూర్చుని. ఈ చిన్న విమానం ఆయన ముచ్చట. దాన్ని తుడవడం, సామాను సర్దడం, దిగేటప్పుడు పక్కన కూర్చుని వేగం పైకి చదవడం నా పని. జీతం లేదు గానీ తప్పులన్నీ నా నెత్తినే.

పోయిన వారం అది ఒక పట్టాన కిందికి దిగలేదు. రన్‌వే మీద తేలుతూ తేలుతూ పోయి, చివర గడ్డిలోకి దూరి ఆగింది. వెనక సీట్లో అత్తగారు వణికిపోయారు. బయటికి వచ్చీ రాగానే మావారు అందరికీ చెప్పేశారు, "మా ఆవిడ నాట్లకి బదులు మైళ్లు చదివింది" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలీదు. వేగం మీటరులో రెండు వరుసల అంకెలుంటాయి, బయట నాట్లు, అంటే విమానాల వేగానికి వాడే కొలత, లోపల మైళ్లు. నేను చదివింది బయటి వరుసే అనుకుంటా. కానీ ఆయన అంత గట్టిగా అనేసరికి నాకే అనుమానం పట్టుకుంది. వారమంతా స్టవ్ ఆపానా, తలుపు వేశానా అని నా కళ్లని నేనే నమ్మలేకపోయాను. అత్తగారు మెత్తగానే అన్నారు, "కాస్త చూసి చదవమ్మా, ప్రాణాలు కదా" అని.

ఇవాళ రెక్క తుడుస్తుంటే తట్టింది. నాట్ మైలు కంటే పెద్దది. ఆ రోజు ఆయన కావాలన్న ఎనభై ఐదు నాట్లని నేను మైళ్ల వరుసలో చదివుంటే విమానం ఆయన అనుకున్నదానికన్నా నెమ్మదిగా వచ్చి ముందే దిగిపోవాలి. తేలిందంటే వేగం ఎక్కువైందన్నమాట. సీట్లన్నీ నిండినా దిగడానికి డెబ్బై ఐదు నాట్లు చాలని నాకు నేర్పింది ఆయనే. మరి ఎనభై ఐదు ఎందుకు? "భార్యకో ఐదు, అమ్మకో ఐదు. మీ భద్రత కోసమే" అని ఆ రోజు గాల్లో ఉండగా నవ్వుతూ అన్నారు. నాకు మురిపెంగా కూడా అనిపించింది. ఆ పదే మమ్మల్ని గడ్డిలోకి తోసింది. అది ప్రేమో, నేనొక బరువనుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేనడగని దానికి మాట మాత్రం నేనెందుకు పడ్డానో అసలే అర్థం కావడం లేదు.

గుడ్డ పిండి ఆరేసి వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"ఈసారి మా అక్క కూడా వస్తుంది, ఇంకో ఐదు కలపాలి. నువ్వు మాత్రం సరైన వరుస చదువు" అన్నారు మావారు.

"పోయినసారి సరిగ్గానే చదివానండీ."

స్నేహితులు కబుర్లు ఆపి చూశారు. నేను ఆపలేదు.

"నా కోసం కలిపే ఐదు తీసేస్తేనే ఎక్కుతాను. అత్తయ్యగారిని ఎక్కించే ముందు, గడ్డిలోకి ఎందుకు పోయామో మీరే ఆవిడకి చెప్పండి."