కోపానికే కలిసే లైను

జెస్సీ పొద్దున్నే ఇంటర్నెట్ సెంటరు షట్టరు ఎత్తి, గడప ముందు నీళ్లు చల్లి, మూడు కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు తీసి దులుపుతుంది. తర్వాత నల్లటి తెర ముందు కూర్చుని ‘పాన్’ అని టైపు కొడుతుంది. మోడెము ఫోను తిప్పి, కూసి, గీపెడుతుంది. లైను కలిస్తే ఆ రోజుకు రేణిగుంట స్టేషను వీధిలో ఇంటర్నెట్ ఉన్నట్టు. ‘పాఫ్’ అని కొడితే తెగిపోతుంది. అసలు కలవకపోతే ‘ప్లాగ్’ అని కొట్టాలి, ఎందుకు కలవలేదో అదే చెబుతుంది. మౌసుతో నొక్కే బొమ్మలున్న సిస్టమ్ కొనడం దండగని, ఓనరు సుందరరాజు ఒక పాలిటెక్నిక్ లెక్చరరును బతిమాలి ఖర్చులేని సిస్టమ్ ఎక్కించుకున్నాడు. అందులో ఏం కావాలన్నా అక్షరాలు కొట్టి చెప్పాల్సిందే. జెస్సీ నెల తిరక్కుండా అన్నీ నేర్చేసుకుంది.

నేర్చుకున్నంత మాత్రాన సరిపోదు. లైను కలవాలంటే కోపం కావాలి. మోడెము వైరు పట్టుకుని కూర్చున్న మనిషి ఒంట్లో నిజమైన కోపం ఉంటేనే అవతలివాళ్లు పలుకుతారు. ఇది ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. లైన్‌మన్ మునెయ్యను పిలిస్తే స్తంభం ఎక్కి దిగి, “వైరు బాగుండాది, స్తంభం బాగుండాది. మీలో కోపం లేకపోతే నేనేం జేసేదబ్బా?” అని పోయేవాడు. అందుకని కొళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఆడవాళ్లను విడదీసి నేరుగా సెంటరుకు తెచ్చేవాళ్లు. “ఆ కోపం ఊరికే పోనీయద్దండి, రాండి, పాపకు రిజల్టు సూడాల” అని వైరు చేతికిచ్చేవాళ్లు. కాసేపట్లో లైను ఆ కోపాన్నంతా తాగేసేది. ఇద్దరూ ఒకరి బిందె ఒకరు మోసుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. దొంగకోపం మాత్రం పనికొచ్చేది కాదు. ఒక పార్టీ నాయకుడు వచ్చి బల్ల గుద్దాడు, మీసం మెలేశాడు, తొడ కూడా కొట్టాడు. ‘అవతల ఎవరూ పలకలేదు’ అంది ప్లాగ్.

మిగతావాళ్ల కోపం ఒక పూటతో సరి. జెస్సీది మాత్రం తెల్లారేసరికి మళ్లీ నిండుతుంది. ఆమె తల్లి అక్కమ్మ ఊరి బయట స్టీలు గిన్నెల ఫ్యాక్టరీలో పళ్లేలు అచ్చువేసే ప్రెస్సు మీద పనిచేసేది. పోయిన ఏడు ఆ ప్రెస్సు ఆమె కుడిచేతి నాలుగు వేళ్లూ తీసుకుంది. అప్పటినుంచీ ఎడమచేత్తో కలుపుకుని తింటుంది. ఒక పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి అది చూసి లేచి వేరే వరసకు పోయాడు. ఇంట్లో రోజూ ఆయన అన్నం తినేది ఏ ఫ్యాక్టరీ పళ్లెంలోనో ఆయనకేం తెలుసు! అక్కమ్మ ఒక్క మాటా అనలేదు. ఆమె సహనం మీద చర్చిలో పాస్టరు ఒక ఆదివారం ప్రసంగమే చేశాడు. కూతురు మాత్రం పొద్దున తల్లి ఎడమచేత్తో ముద్ద పెట్టుకోవడం చూసి, పళ్లు కొరుక్కుంటూ పనికి వచ్చేది.

ఆ కోపమే సుందరరాజు పెట్టుబడి. కొంచెం తగ్గినట్టు కనిపిస్తే చాలు, కుర్చీలో వెనక్కి వాలి గెలికేవాడు.

“మీయమ్మ కునికిపాట్లు పడతా చెయ్యి పెట్టిందంట కదమే? మేనేజరు చెప్పినాడు.”

జెస్సీ కళ్లు ఎర్రబడేవి, మోడెము కూసేది, లైను నిలబడేది. కస్టమర్లు కూడా దీనికి మరిగారు. దర్శనానికి వచ్చిన బెంగుళూరు కుటుంబాలకు ఇ-మెయిల్ చూపించాలంటే, లాడ్జి ఏజెంట్లు “ఏమ్మా, చెయ్యి కేసు ఏమైంది?” అని అడిగి మరీ కూర్చునేవాళ్లు. ఇంతకన్నా నీచమైన పని ఉంటుందా? ఒక మనిషి కడుపుమంట మీద ఊరంతా చలి కాచుకోవడమే కదా ఇది.

బయట ఏం చెప్పినా, కాగితాల మీద ఫ్యాక్టరీ మేనేజరు జయచంద్ర మాట ఒకటే. అక్కమ్మ తమ మనిషి కాదు, ఆ చెయ్యి తమ మిషను కింద పోలేదు. తిరుపతి లేబరు ఆఫీసులో జెస్సీ తల్లి తరఫున కేసు పెట్టింది. కంపెనీ చేత ‘మా మిషనే తీసింది’ అనిపించడం ఒక్కటే ఆమెకు కావాలి. ఆ ఒక్క మాట పడితే రావాల్సినవన్నీ వాటంతటవే వస్తాయి.

మొదటిసారి విచారణకు పిలిచిన రోజు పొద్దున సుందరరాజు ఆమెను వదల్లేదు. “రెండు మెయిళ్లు పంపించి పో” అని మధ్యాహ్నందాకా వైరు పట్టించాడు. జెస్సీ బస్సెక్కేసరికి లోపల ఏమీ మిగల్లేదు. ఆఫీసరు భారతమ్మ ముందు జయచంద్ర, “ఆమె మా ఫ్యాక్టరీలోకే రాలేదు మేడం” అన్నాడు. జెస్సీ నవ్వి, “సారు చెప్పేది కూడా నిజమే అయ్యుంటాదిలే మేడం” అంది. అక్కమ్మ కూతురి మొహం చూసి తల దించుకుంది. భారతమ్మ ఇంకో తేదీ వేసింది. ఆ మాట గుర్తొచ్చి మర్నాడు పొద్దున జెస్సీ గోడకేసి తల కొట్టుకుంది.

రెండో తేదీ వచ్చింది. ఆ రోజు జెస్సీ షట్టరు ఎత్తింది కానీ ‘పాన్’ కొట్టలేదు. తాళంచెవి సుందరరాజు బల్ల మీద పెట్టింది.

“యాడికి? లాడ్జి వాళ్లు వచ్చి కూసోనుండారు,” అన్నాడు.

“తిరుపతికి పోతాండాన్నా.”

“ఈ పూట పోతే ఇంగ రాబల్లేదు. వేళ్లు లేని ముసిల్దానికి నువ్వు, నీకు ఆ ముసిల్ది. ఎవురు పెడతారో సూస్తా కూడు.”

ఆ మాటకు ఆమెకు కోపం రాలేదా అంటే, ఒళ్లంతా వచ్చింది. అక్కడ ఖర్చు పెట్టకుండా దాన్ని కూడా మూట కట్టుకుని తల్లితో కలిసి బస్సెక్కింది.

లేబరు ఆఫీసులో అప్పుడే భోజనాలయ్యాయి. గుమాస్తాలు పెరుగన్నం తిని చల్లగా కూర్చున్నారు. మూల ఉన్న కంప్యూటర్లో కూడా ఆ లెక్చరరు ఎక్కించిన నల్ల తెరే. దాని పక్క కుర్చీలో అక్కమ్మ కూర్చుంది, ఎదురుగా జయచంద్ర. సాయంత్రంలోగా హైదరాబాదుకు రిపోర్టు పంపాలి. పంపుదామంటే ఆ గదిలో ఒక్కరికీ కోపం లేదు. భారతమ్మ జెస్సీని గుర్తుపట్టింది.

“నువ్వు రేణిగుంటలో లైను కలిపే అమ్మాయివి కదూ? ముందు ఆ వైరు పట్టుకో తల్లీ. మా రిపోర్టు పోయాక నీ కేసు చూద్దాం.”

జెస్సీ కంప్యూటరు ముందుకు పోయి ‘పాన్’ కొట్టింది. కలిసేదాకా మళ్లీ మళ్లీ ఫోను తిప్పమని దానికి చెప్పి లేచి నిలబడింది.

“అది తిప్పతానే ఉంటాది మేడం. వైరు మాత్రం నేను పట్టుకోను. ఈ పొద్దు నా కోపం నాకే కావాల.”

జయచంద్ర ముందుకు వచ్చాడు.

“నాకివ్వండి మేడం. ఇట్లాంటోళ్లు కంపెనీ పేరు బజారుకీడుస్తా ఉంటే నాకు రక్తం మరిగిపోతా ఉండాది!”

వైరు పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. మోడెము కూసింది, గీపెట్టింది, చల్లబడింది. మళ్లీ తిప్పింది, మళ్లీ చల్లబడింది. గుమాస్తా వంగి ‘ప్లాగ్’ కొట్టి, “అవతల ఎవురూ పలకలేదు మేడం,” అన్నాడు. జయచంద్ర చెవులు ఎర్రబడ్డాయి. వైరు పామేమో అన్నట్టు విసిరేస్తే బల్ల మీంచి జారి అక్కమ్మ ఒళ్లో పడింది. భారతమ్మ ఆయన వంక కాసేపు చూసి, “చెప్పమ్మా,” అంది జెస్సీతో.

జెస్సీ చెప్పింది. అరవలేదు.

“సారూ, ఆ ప్రెస్సుకు చెయ్యి పోకుండా అడ్డం జాలీ ఉండేది. జాలీ ఉంటే పళ్లేలు తక్కువ పడతాయని నువ్వే పీకించినావు. మాయమ్మ వద్దు సార్ అనింది. పని వద్దంటే పో అన్నావు. ప్రెస్సు పడినాక మీ సూపర్‌వైజరు ఆ వేళ్లు పాత పేపర్లో చుట్టి, నన్ను గేటు కాడికి పిలిపించి నా చేతికిచ్చినాడు. ఆస్పత్రికి కూడా మీ బండి ఇయ్యలేదు. ఆ పొట్లం పట్టుకోని నేను ఆటో కోసం రోడ్డు మీద నిలబడినా. మాయమ్మ మీ మనిషి కాకపోతే మాయమ్మ వేళ్లు మీ గేటు లోపల్నించి ఎట్లొచ్చినాయి సారూ? ఎవురు తెచ్చి పెట్టినారు?”

జయచంద్ర నోరు తెరిచాడు. “అది... ఆ జాలీ అప్పుడే రిపేరులో...” అని ఆగిపోయాడు. తానేం ఒప్పుకున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది.

మూల మోడెము గీపెట్టడం ఆపి స్థిరపడింది. లైను కలిసింది. అందరూ అది జెస్సీ కోపమే అనుకుని ఆమె వంక మెచ్చుకోలుగా చూశారు. భారతమ్మ మాత్రం లేచి కంప్యూటరు ముందు కూర్చుంది. రిపోర్టు పక్కన పెట్టి, విన్నది విన్నట్టు, మేనేజరు జాలీ సంగతి ఒప్పుకున్నదీ, చెయ్యి ఆ ఫ్యాక్టరీ ప్రెస్సు కిందే పోయిందని తన తీర్పూ టకటకా కొట్టింది.

“మేడం, ఒక్క నిమిషం. మా ఓనరుతో మాట్లాడి రాజీకి...” అన్నాడు జయచంద్ర.

“పోయింది,” అంది భారతమ్మ. “హైదరాబాదులో చదువుతుంటారు. వెనక్కి తెప్పించడం నా చేతుల్లో లేదు.”

ఆయన ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆఫీసు రిపోర్టు పంపారు. గుమాస్తాలు వాళ్ల ఉత్తరాలూ పంపుకున్నారు. లైను ఒక్కసారి కూడా తడబడలేదు. జెస్సీ బెంచీ మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు తాగింది. ఆమెలో మంట చల్లారింది. అలవాటు కొద్దీ లేచి వెళ్లి ‘పాఫ్’ అని కొట్టింది.

తెగలేదు. ఇంకోసారి కొట్టింది. తెగలేదు. గుమాస్తా మోడెము స్విచ్చు ఆపేశాడు. దాని దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

జెస్సీ వెనక్కి తిరిగింది. అక్కమ్మ కుర్చీలో ఎప్పటిలాగే తల వంచుకుని నెమ్మదిగా కూర్చుని ఉంది. వైరు ఆమె కుడిచేతిలో ఉంది. మిగిలిన బొటనవేలితో దాన్ని అరచేతికి అదిమి పట్టుకుంది.

“మా,” అంది జెస్సీ దగ్గరికి పోయి, మెల్లగా. “అయిపోయింది మా. మన మాట నెగ్గింది. ఇంగ వదిలెయ్.”

అక్కమ్మ తలెత్తి కూతురి వంక చూసింది.

“నేనింగా మొదులే పెట్టలేదుమే,” అంది.